కూలకపోతే చాలదు, ఊగకూడదు

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. సుమారు 720 కోట్ల రూపాయల ఈ పథకంలో పట్టాల మీదుగా ప్రయాణికుల కోసం విశాలమైన అంతస్తు కూడా ఉంది. జిల్లాల నుంచి మూటాముల్లెతో వచ్చే పల్లె జనం నడవవలసింది దాని మీదే. ఇటువంటి అంతస్తుల విషయంలో బరువు మోస్తుందా అని అడిగితే చాలదు. జనం నడిస్తే ఊగుతుందా అని కూడా అడగాలి.

మనిషి మామూలు నడకలో సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాడు. ప్రతి స్లాబుకూ సహజంగా ఒక ఊపు ఉంటుంది. ఉయ్యాలను వేళకు తోస్తే చిన్నపిల్లవాడైనా ఎత్తుకు ఊపగలడు. అడుగుల వేగం స్లాబు ఊపుతో కలిస్తే జరిగేదీ అదే. మందం పెంచకుండా స్తంభాల మధ్య దూరాన్ని రెట్టింపు చేస్తే ఆ ఊపు వేగం నాలుగో వంతుకు పడిపోయి, మనిషి అడుగుకు దగ్గరవుతుంది.

సికింద్రాబాద్ దండు ఊరు. వంతెన మీద సైనికులు కలిసి అడుగు వేయరాదన్న సంగతి అక్కడివారికి తెలియనిది కాదు. 1831లో ఇంగ్లండులోని బ్రోటన్ వద్ద కవాతు చేస్తున్న సైనికుల కింద వంతెన కూలింది. 2000లో లండన్‌లో కొత్త మిలీనియం వంతెన జనం నడకకే పక్కలకు ఊగగా, రెండు రోజులకే మూసివేశారు. 2011లో సియోల్‌లో 17 మంది ఒక్క తాళానికి వ్యాయామం చేస్తే 39 అంతస్తుల భవనం కంపించింది.

ఇది పట్నాలకే పరిమితమైన సమస్య కాదు. పల్లెల్లోనూ మేడ మీద ఫంక్షన్ హాళ్లు వెలుస్తున్నాయి. స్తంభం అడ్డమని తీసివేయడం, అడ్డుగోడలు పడగొట్టడం, ఆపై పెళ్లి బృందం పాటకు గంతులు వేయడం పరిపాటి అయింది. ఊపును అణచేది ఆ గోడలే అన్న ఎరుక ఉండడం లేదు. 2000 నాటి ఐ.ఎస్. 456 నిబంధనలు స్లాబు వంగడానికి హద్దు చెప్పాయి గానీ, నడకకు పుట్టే ఊపుకు అంకెల్లో హద్దు పెట్టలేదు. కనుక ఇంజనీరు వివేకమే శరణ్యం.

స్లాబు కాస్త కదిలినంత మాత్రాన కూలుతుందని బెదరనవసరం లేదు. కాని పగుళ్లు, వంపు కనిపించినా, ఊపు రానురాను పెరిగినా జనాన్ని దించి ఇంజనీరును పిలవాలి. సెంట్రింగ్‌కు ముందే ఒక దూలం, ఒక స్తంభం అదనంగా వేసుకోవడం తేలిక. స్లాబు పోశాక దిద్దుబాటుకు ఖర్చు తడిసి మోపెడవుతుంది. గంతులకు నేల అంతస్తే మేలు.

ప్రజల కోసం కట్టే విశాలమైన అంతస్తులను తెరిచే ముందు, జనాన్ని నడిపించి ఊపును పరికరాలతో కొలవాలి. ఆ ఫలితాలను ప్రజలకు తెలపడం అధికారుల కనీస ధర్మం.