పట్టపగటి దీపాలు

సికింద్రాబాదు మోండా మార్కెట్టులో ఎండ తగలగానే కూరగాయల వ్యాపారి పరదా దించుతాడు. నీడ తిరగగానే ఎత్తివేస్తాడు. అద్దాల మేడలలో ఈపాటి వివేకం కొరవడుతున్నది. ఉదయపుటెండ కళ్ళలో పడుతున్నదని దించిన తెరను సాయంత్రం వరకు ఎవరూ ఎత్తరు. బయట సూర్యుడు ప్రకాశిస్తుండగా లోపల దీపాలు వెలుగుతూనే ఉంటాయి.

ఈ మరపును సరిదిద్దడానికే స్వయంచాలక తెరలు వచ్చాయి. సెన్సర్లు ఎండను గుర్తించి తెరను కదుపుతాయి. లోపలికి వచ్చిన వెలుగును బట్టి దీపాల కాంతిని తగ్గిస్తాయి. తెరకూ దీపానికీ పొత్తు కుదిరినప్పుడే విద్యుత్తు ఆదా అవుతుంది.

అయితే భవన నిర్మాణంలోని లోపాన్ని యంత్రం పూర్తిగా పూడ్చలేదు. అద్దం దాటి వచ్చిన వేడిని లోపలి తెర కొంతవరకే ఆపగలదు. కనుక నీడ కిటికీకి వెలుపలనే ఉండాలి. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సి.ఐ.ఐ. – సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఈ మార్గాన్నే చూపింది. నడుమ ముంగిలి, జాలీ గోడలు దానికి ఎండ తీవ్రతను తగ్గించి వెలుగును అందిస్తున్నాయి.

దేశంలో విద్యుత్తు అధికభాగం బొగ్గు నుండే లభిస్తున్నది. పట్టపగలు దీపం వెలిగించడమంటే, సూర్యుడు ఉచితంగా ఇచ్చేదానిని కాదని బొగ్గును కాల్చడమే. నిర్మాత ముందుగా వెలుగుకు దారి విడవాలి; ఆ తరువాతనే యంత్రం దానికి కాపలా కాయాలి.