పాపం కిల్‌గ్రేవ్‌ట!

‘జెస్సికా జోన్స్’ మొదటి సీజన్ చూసినవాళ్ళలో కొందరు, అందులోనూ ఆడవాళ్ళే, చివరికొచ్చేసరికి విలన్ కిల్‌గ్రేవ్ మీద జాలిపడిపోతున్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

2015లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది కదా, కథ దాచక్కర్లేదు. కిల్‌గ్రేవ్ ఏం చెబితే ఎదుటివాళ్ళు అది చేసి తీరాల్సిందే, అదీ వాడి శక్తి. ఎంతో బలమున్న జెస్సికాని కూడా దగ్గర ఉంచుకుని, నవ్వమన్నప్పుడల్లా నవ్వించాడు. ఆమె చేత హత్య చేయించాడు. హోప్ అనే కాలేజీ పిల్ల చేత కన్నవాళ్ళనే కాల్పించాడు.

తర్వాత ఒక వీడియో చూపిస్తారు. చిన్నపిల్లాడి మీద సొంత తల్లిదండ్రులే ప్రయోగాలు చేస్తుంటారు, వాడు ఏడుస్తుంటాడు. అంతే, మనవాళ్ళు కరిగిపోతారు. (ఆ వేషం డేవిడ్ టెనంట్ వెయ్యకపోతే ఇంత కరుగుతారా అని నా అనుమానం.) పిల్లాడికి మెదడు జబ్బని, బతికించుకోడానికే చేశామని ఆ తల్లిదండ్రులు తర్వాత చెబుతారు. కోపమొచ్చి తల్లి చేత ఆమె మొహాన్నే ఇస్త్రీ చేయించాడనీ అప్పుడే తెలుస్తుంది.

విలన్ వైపు నుంచి కథ చూడకూడదని నేననను. ‘దానవీరశూరకర్ణ’లో సుయోధనుణ్ణి చూసి మురిసినవాళ్ళమే మనం. కానీ జెస్సికా కూడా చిన్నప్పుడే కారు ప్రమాదంలో కుటుంబాన్ని పోగొట్టుకుని పరాయింట్లో పెరిగింది. ఆమె స్నేహితురాలు ట్రిష్‌ని కన్నతల్లే కాల్చుకు తింది. వాళ్ళు ఎవరి బుర్రనీ స్వాధీనం చేసుకోలేదే! జెస్సికా తాగితే “ఏం మనిషండీ” అంటారు. వాడు ప్రాణాలు తీస్తే వాడి బాల్యం గుర్తొస్తుంది.

నన్ను చెరిచావని ఆమె మొహమ్మీదే అన్నప్పుడు వాడి జవాబు గమనించారా? ఎదుటివాళ్ళు ఇష్టపడి చేస్తున్నారో, తను చెప్పినందుకు చేస్తున్నారో తనకెలా తెలుస్తుందంటాడు. తెలీదట! తెలుసుకుందామని ఒక్కరోజు నోరు మూసుకున్నాడా? పైగా తన పట్టులో లేకపోయినా 18 సెకన్లు తనతోనే ఉండిపోయిందని ప్రేమకి సాక్ష్యం చూపిస్తాడు. ఆ 18 సెకన్లూ ఆమె ఎలా పారిపోవాలా అని చూస్తోంది.

ఆమె చిన్ననాటి ఇల్లు కొని అచ్చం అలాగే అమర్చాడు, అది ప్రేమ కాదా అంటారు. ఆ ఇంట్లో పనిచేసే ఇద్దరి ప్రాణాలు ఆమె ఒద్దికగా ఉండడానికి తాకట్టు పెట్టాడు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

“చిన్నప్పుడు ప్రేమ ఎరగడమ్మా, నువ్వే మార్చుకోవాలి” అని కొత్త కోడళ్ళకి చెప్పే ఇళ్ళు మనకి తెలియనివి కావు. అందుకే ఇది ఉత్త టీవీ గొడవ అని ఊరుకోలేకపోతున్నాను.

చివర్లో జెస్సికా వాడి మెడ విరిచేస్తే, మారే అవకాశం ఇవ్వాల్సిందని బాధపడ్డవాళ్ళున్నారు. ఇచ్చిందండీ. ఎనిమిదో ఎపిసోడ్ మళ్ళీ చూడండి. వాణ్ణి వెంటబెట్టుకెళ్ళి, ఒక కుటుంబాన్ని కాపాడించింది. అదయ్యాక వాడేమన్నాడు? ఆమె పక్కన లేకపోతే తనకి మంచి చెయ్యడం చేతకాదట. అంటే వాడు మంచివాడుగా ఉండాలంటే ఆమె జీవితాంతం ఆ ఇంట్లోనే ఉండాలన్నమాట.