నాయన లైఫ్ జాకెట్

బోటు ఎక్కే ముందు మా నాయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎంత లోతు ఉంటాదప్పా ఈడ?"

టికెట్లు చూస్తున్న కుర్రాడు నవ్వాడు. "భయం లేదు బాబాయ్, ఏం కాదు."

"నేను భయం గురించి అడగలా. లోతు అడిగినా."

కుర్రాడికి అర్థం కాలేదు. నాకు అయింది. మాది పుంగనూరు పక్కన పల్లె. మదనపల్లె నుంచి కుప్పం దాకా మా వైపు ఇద్దరు రైతులు కలిస్తే మాట్లాడుకునేది లోతు గురించే. "ఎన్ని అడుగులకు పడింది?" అంటారు. పడింది అంటే బోరులో నీళ్లు పడటం. మా మూడెకరాల్లో ఆరు బోర్లు వేశాం, నాలుగు ఎండిపోయాయి. చివరిది 900 అడుగులు. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నప్పుడు వేశారు. ఆ బోరు అప్పు, నా ఫీజు అప్పు ఒకే నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసి ఉండేవి.

అలాంటి మనిషిని సాయంత్రం పూట విజయవాడలో బోటు షికారుకు తీసుకెళ్లాను. బంధువుల పెళ్లికి వచ్చాం. మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి, రైలు రాత్రికి. అమ్మ దుర్గమ్మ దర్శనం అయిందనే సంతోషంలో ఉంది. నాకు మాత్రం ఇంకో ప్లాన్ ఉంది. బెంగళూరులో ఒక ఫ్లాట్ చూసి పెట్టుకున్నాను. అడ్వాన్స్ కట్టాలి. ఊళ్లో పొలం అమ్ముదామని నాయనను అడగాలి. ఇంట్లో అడిగితే గొడవ అవుతుంది. నీళ్ల మీద, చల్లగాలిలో, అందరి మధ్యలో అయితే గట్టిగా అరవడని నా లెక్క.

ఫ్రెండ్స్, నవ్వకండి. మీరూ ఇలాంటి లెక్కలు వేసే ఉంటారు.

లైఫ్ జాకెట్లు ఇచ్చారు. నాయనకు ఇచ్చినదానికి బకిల్ పట్టడం లేదు. ఇలా నొక్కితే అలా ఊడిపోతోంది. "వేరేది ఇయ్యి నాయనా" అన్నాడు. కుర్రాడు, "పర్లేదండీ, ఊరికే భుజాల మీద వేసుకోండి" అన్నాడు. వెనక లైన్‌లో ఇరవై మంది. ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు. ఒక పాప ఏడుస్తోంది. నాకు చెవులు ఎర్రబడ్డాయి.

"నాయనా, అరగంటే కదా" అన్నాను మెల్లగా.

నా వైపు చూశాడు. "మునిగేదానికి అరగంట కావల్నా?"

వేరే జాకెట్ తెచ్చారు. అది వేసుకుని, బకిల్ రెండుసార్లు లాగి చూసి, తర్వాత అమ్మది లాగి చూసి, చివరికి నాది కూడా లాగి చూశాకే బోటులో కాలు పెట్టాడు. నేను అప్పటికే ఫొటో కోసం నాది సగం విప్పేశాను. మళ్లీ పెట్టించాడు, ఎల్‌కేజీ పిల్లోడికి పెట్టినట్టు.

బోటు కదిలింది. పొద్దు దిగుతోంది. విజయవాడను రోడ్డు మీద నుంచి చూస్తే ట్రాఫిక్, హారన్లు, ఫ్లైఓవరు. నీళ్ల మీద నుంచి చూస్తే అదే ఊరు వేరేగా ఉంటుంది. ఒక వైపు ఇంద్రకీలాద్రి, దాని మీద అమ్మవారి గుడి దీపాలు. కింద ఘాట్ల మెట్లు, 2016 కృష్ణా పుష్కరాలకు జనం కిక్కిరిసిన మెట్లే. ఆ కొండ పాదంలోనే అక్కన్న మాదన్న గుహలు. అవతలి ఒడ్డున ఉండవల్లి, అక్కడ కొండనే నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహలు ఉన్నాయి. లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి. ఈ నదికి రెండు వైపులా పద్నాలుగు, పదిహేను వందల ఏళ్ల కిందటే జనం కొండలు తొలిచారు. నీళ్లున్న చోట ఊరు ఊరికే పుట్టదు కదా.

తూర్పు వైపు ప్రకాశం బ్యారేజీకి లైట్లు వేశారు. బోటులో అందరి ఫోన్లూ ఒకేసారి లేచాయి. నాదీ లేచింది.

నాయన మాత్రం గేట్లు లెక్కపెడుతున్నాడు.

"డెబ్బై ఉంటాయి నాయనా" అన్నాను. గూగుల్ చేసి పెట్టుకున్నాను లెండి.

ముందు ఇక్కడ ఉన్నది బ్రిటిష్ కాలం నాటి ఆనకట్ట. 1855కు పూర్తయింది. దాదాపు వందేళ్లు పనిచేశాక 1952లో గండి పడింది. ఆ తర్వాత ఈ బ్యారేజీ కట్టారు, 1957లో పూర్తయింది. అదే ఏడాది చనిపోయిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. కిలోమీటరుకు పైగా పొడవు. దీని కింద సుమారు 13 లక్షల ఎకరాలు పండుతాయి. బ్యారేజీ నిండుగా ఉందంటే నీటిమట్టం 12 అడుగులు అని రాస్తారు.

ఇదంతా నాయనకు చెప్పాను. 13 లక్షల ఎకరాలు అంటే ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆయన చెవికి ఎక్కింది ఇంకో అంకె.

"పన్నెండు అడుగులా?" అన్నాడు. చాలాసేపు నీళ్ల వైపే చూశాడు. "పన్నెండు అడుగులకే ఇంత వైభోగమా!"

మనం 900 దగ్గర ఆగాం అని ఆయన అనలేదు. నేనూ అనలేదు.

బోటు పడమరకు తిరిగింది. భవానీ ద్వీపం చెట్లు నల్లగా కనిపిస్తున్నాయి. "ఇంకా పైకి పోతే ఏముంటాది?" అని నాయన బోటు నడిపే పెద్దాయనను అడిగాడు. "ఫెర్రీ ఘాట్ అండీ, ఇబ్రహీంపట్నం. పవిత్ర సంగమం అంటారు. గోదావరి నీళ్లు వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే" అన్నాడాయన.

నాయన మాట్లాడకుండా తన జాకెట్ బకిల్ ఒకసారి తడుముకున్నాడు. అప్పుడు నాకు వెలిగింది. 2017 నవంబరు 12, ఆదివారం. ఇలాంటి సాయంత్రమే. భవానీ ద్వీపం నుంచి పవిత్ర సంగమం వైపు వెళ్తున్న ఒక ప్రైవేటు బోటు ఫెర్రీ దగ్గర తిరగబడింది. అందులో చాలామంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. 20 మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని బోటు, జనం ఎక్కువ, లైఫ్ జాకెట్లు లేవు. రెండేళ్లకే, 2019 సెప్టెంబరులో, గోదావరి మీద కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్తున్న బోటు మునిగింది. పదుల మంది పోయారు.

మా ఇంట్లో పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది నాయన ఒక్కడే. నేను రీల్‌లో చూసి మర్చిపోయిన వార్తను ఆయన ఇన్నేళ్లు గుర్తుపెట్టుకుని, ఒక బకిల్ దగ్గర లైన్ మొత్తాన్ని ఆపాడు. నేను మాత్రం లైన్‌లో వాళ్లు ఏమనుకుంటారో అని సిగ్గుపడ్డాను.

"ఆ గోదావరి నీళ్లకీ మనకీ ఏమన్నా సంబంధం ఉండాదా?" అని అడిగాడు కాసేపటికి.

ఇక్కడ నా ఇంజినీరింగ్ కొంచెం పనికొచ్చింది. మా ఆఫీసు భాషలో దీన్ని లోడ్ బ్యాలెన్సింగ్ అంటాం. ఒక సర్వర్ మీద భారం ఎక్కువైతే కొన్ని రిక్వెస్టులు ఇంకో సర్వర్‌కు మళ్లిస్తాం. పట్టిసీమ చేసేది దాదాపు అదే. 2015 నుంచి గోదావరి వరద నీళ్లను 24 పంపులతో ఎత్తి, పోలవరం కుడి కాలువలో ఇక్కడికి పంపుతున్నారు. 80 టీఎంసీల దాకా తెచ్చేలా కట్టారు. డెల్టాకు గోదావరి నీళ్లు వస్తే, పైన శ్రీశైలంలో ఆ మేరకు కృష్ణా నీళ్లు మిగులుతాయి. అక్కడి నుంచే మల్యాల దగ్గర ఎత్తిపోసి హంద్రీ-నీవా కాలువ. కర్నూలు, అనంతపురం దాటి మదనపల్లె, పుంగనూరు, చివరికి కుప్పం.

"అంటే ఈ నీళ్లే మనకి వస్తాయా?"

"ఈ నీళ్లు రావు నాయనా. ఇవి కిందికి వచ్చేసినాయి కదా. ఈడ వేరే నీళ్లు తాగితే, ఆడ మన నీళ్లు మిగులుతాయి."

తల ఊపాడు. "కిందికైతే వాటంతట అవే పోతాయి. మనకి కరెంటు పెట్టి ఎక్కించల్ల."

ఒక్క వాక్యంలో మొత్తం ప్రాజెక్టు రిపోర్టు. శ్రీశైలం నిండితే 885 అడుగులు. మదనపల్లె సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైనే. కృష్ణమ్మ విజయవాడకు నడిచి వస్తుంది. మాకు లిఫ్టు ఎక్కి రావాలి, అదీ ఒక లిఫ్టు కాదు, వరసగా ఎన్నో. మధ్యలో ఏ పంపు ఆగినా చివర్లో ఉన్నవాళ్లకు చుక్క రాదు. కాలువ ఉండీ నీళ్లు లేని ఏళ్లు మా వైపు వాళ్లకు బాగా గుర్తు. పిల్లలు అందులో క్రికెట్ ఆడారు.

2025 ఆగస్టులో కుప్పం దాకా నీళ్లు వచ్చాయి. 700 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఆ రోజు కుప్పం మామ పరమసముద్రం చెరువు దగ్గర నుంచి వీడియో పంపాడు. బురద రంగు నీళ్లు, చుట్టూ జనం, ఎవరో పసుపు కుంకుమ చల్లుతున్నారు. మా ఫ్యామిలీ గ్రూపులో అమ్మ ఆ వీడియో మూడుసార్లు ఫార్వర్డ్ చేసింది. నేను ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. బొటనవేలు ఎమోజీ ఒకటి పెట్టి మర్చిపోయాను.

బోటు వెనక్కి తిరిగింది. ఇంక పది నిమిషాలే ఉంది. అడగాలంటే ఇప్పుడే.

"నాయనా, పొలం సంగతి..." అన్నాను.

"ఫ్లాటు ఎంతంట?" అన్నాడు.

ఎలా తెలిసిందని అమ్మ వైపు చూశాను. అమ్మ గుడి లైట్ల వైపు చూస్తోంది, చాలా శ్రద్ధగా.

ఎంతో చెప్పాను. అరవలేదు. ఆ ఒక్క లెక్క మాత్రం కరెక్టే.

"మూసేసిన నాలుగో బోరు ఉండాది చూడు, చింతచెట్టు కాడ. దసరా అప్పుడు మూత తీసి రాయి వేసి చూసినా. తొమ్మిదేండ్ల తర్వాత నీళ్ల శబ్దం వినపడింది." కాసేపు ఆగాడు. "చెరువు నిండింది కదా, అందుకే. మోటారు ఇంకా దించలా. నీళ్లు నిలుస్తాయో లేదో చూడల్ల. ఒక్క ఏడు చూస్తా. వచ్చే ఏడు గూడా కాలువకి నీళ్లు వస్తే అమ్మను. రాకపోతే నువ్వు అడగక ముందే నేనే అమ్ముతా."

నేను ఏమీ అనలేకపోయాను. వచ్చే ఏడు పంపులు నడుస్తాయో లేదో, శ్రీశైలం నిండుతుందో లేదో నేను చెప్పగలనా? కోడ్ అయితే టెస్ట్ చేసి చెప్తాను. ఈ నది ఎలాంటిదో బ్యారేజీని అడగాలి. 2024 సెప్టెంబరు మొదట్లో ఇక్కడికే 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఒడ్డున కట్టిన పెద్ద పడవలు తెగి కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర కాంక్రీటు దిమ్మెలను పగలగొట్టాయి. అదే నది, ఇంకో ఏడాది మా కాలువలో పిల్లల క్రికెట్.

ఒడ్డుకు చేరాం. అందరూ జాకెట్లు గబగబా విప్పి కుప్పలో పడేస్తున్నారు. నాయన కుప్పలోంచి ఆ పాడైన బకిల్ జాకెట్ వెతికి బయటికి తీశాడు. టికెట్ల కుర్రాడి చేతిలో పెట్టి, "ఇది పక్కన పెట్టు నాయనా. చీకట్లో ఎవురికన్నా ఇస్తావు" అన్నాడు. ఆ కుర్రాడు ఈసారి నవ్వలేదు. దాన్ని టేబుల్ కింద వేరుగా పెట్టాడు.

ఫ్లాట్ వాళ్లకు రైల్లోనే మెసేజ్ పెట్టాను, ఇప్పుడు కుదరదని. బాధ లేదని చెప్పను, ఉంది. ఆ రేటుకు మళ్లీ దొరకదు.

మీరు ఎక్కడ బోటు ఎక్కినా, విజయవాడ కానీ, హుస్సేన్‌సాగర్ కానీ, పాపికొండలు కానీ, ఫోన్ తీసే ముందు బకిల్ ఒకసారి లాగి చూడండి. వెనక లైన్‌లో వాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి. పక్కన పెద్దవాళ్లు ఉంటే, లైట్లు మనం చూస్తున్నప్పుడు వాళ్లు ఏం చూస్తున్నారో అడగండి.

నిన్న రాత్రి నాయన ఫోన్ చేశాడు. ఏం ఉపోద్ఘాతం లేదు. "రేయ్, మళ్లా రాయి వేసినా" అన్నాడు.

"శబ్దం వచ్చిందా?"

"వచ్చింది. నిన్నటికంటే కొంచెం దగ్గర్లో."