హెడ్‌ఫోన్లు కొన్నాము, ఆంప్లిఫైయరును మరచాము

మన కళాశాల శ్రవణ గదిలో పది హెడ్‌ఫోన్లు ఉన్నాయి. రెండేళ్ల క్రితం అవి వచ్చినప్పుడు పెట్టెపై 250 ఓములు అని ఉండడం చూసి, అంకె పెద్దదైతే వస్తువు గొప్పదని మనలో చాలామంది సంతోషించారు. భౌతికశాస్త్రం బోధించేవాడినై ఉండి కూడా ఆనాడు అడగవలసిన ప్రశ్నను నేనూ అడగలేదు. నేడు ఆ గదికి వెళ్లే విద్యార్థులు అరుదు. "వీటికన్నా మా ఫోనే నయం సార్, ఇందులో మాట ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంటుంది" అని ఉర్దూ శాఖ విద్యార్థి ఒకడు అన్నాడు. ఆ మాట నన్ను ఆలోచింపజేసింది.

ఆ గది వినోదం కోసం ఏర్పడినది కాదు. హైదరాబాదు వాడుకలో ఖాఫ్ అనే అక్షరం గొంతు లోతు నుండి రాక, 'ఖే' ధ్వనిలోనే కలిసిపోవడం మనకందరికీ తెలిసినదే. ఆ భేదాన్ని విద్యార్థి మొదట చెవితో పట్టుకోవాలి. నాలుక తరువాత నేర్చుకుంటుంది. తెలుగు విద్యార్థులకు శ, ష, సల సంగతీ అంతే. ఈ ఊష్మాల శక్తి అధిక భాగం హెచ్చు పౌనఃపున్యాలలో, అనగా కొన్ని వేల హెర్ట్‌జ్‌లలో ఉంటుంది. ధ్వని మందగిస్తే ముందుగా జారిపోయేవి ఇవే. పాట అస్పష్టంగా వినిపించినా ఆనందించవచ్చునేమో గాని, ఉచ్చారణ పాఠం అస్పష్టమైతే అది పాఠమే కాదు.

పది హెడ్‌ఫోన్లకూ ఒకే కంప్యూటరు రంధ్రం నుండి తీగలు చీల్చి ఇచ్చాము. ప్రయోగశాల నుండి మల్టీమీటరు తీసుకొని వెళ్లి ఒక సాయంత్రం కొలిచాను. ఏదీ తగిలించనప్పుడు 1 వోల్టు వచ్చింది. ఒక్క హెడ్‌ఫోను తగిలిస్తే సుమారు 0.77 వోల్టు. పదీ తగిలిస్తే 0.25. కారణం ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా చెప్పగలడు. 250 ఓములవి పది సమాంతరంగా కలిస్తే 25 ఓములవుతాయి. ఆ రంధ్రానికి స్వంతంగా 75 ఓముల అవరోధం ఉంది. వచ్చిన వోల్టులో ముప్పాతిక వంతు లోపలే ఖర్చయి, పావు వంతు మాత్రం పదిమందికీ దక్కింది. ఒక్కొక్క హెడ్‌ఫోనుకు 4 మిల్లీవాట్లు చేరవలసిన చోట పావు మిల్లీవాటు చేరింది. అంటే 12 డెసిబెల్ల తరుగుదల. మాట బావిలోంచి రాక మరెక్కడి నుండి వస్తుంది?

అయితే పెద్ద ఓములవి కొనడమే పొరపాటా? కాదు. ఈ విషయంలో కమిటీ పెద్దల ఎంపిక, వారికి తెలిసో తెలియకో, సరియైనదే. 32 ఓములవి పది తెచ్చి అదే రంధ్రానికి కలిపి ఉంటే మొత్తం 3.2 ఓములై, వోల్టులో 24వ వంతు కూడా మిగిలేది కాదు. ఒక యంత్రం నుండి అనేకులు వినవలసిన స్టూడియోలలో హెచ్చు ఇంపిడెన్సుకు ఆదరణ కలగడానికి ఒక కారణం ఇదే. జర్మనీ దేశపు సెన్‌హైజర్ సంస్థ 1968లో తెచ్చిన హెచ్.డి. 414 నమూనా 2000 ఓములది. 1997లో వచ్చిన హెచ్.డి. 600 నమూనా 300 ఓములది. బేయర్‌డైనమిక్ సంస్థ 250 ఓముల నమూనాలను నేటికీ స్టూడియోల నిమిత్తం చేస్తున్నది. సన్నని తీగను ఎక్కువ చుట్లు చుడితే అవరోధం పెరుగుతుంది. అట్టి చుట్టకు విద్యుత్ప్రవాహం తక్కువ చాలును గాని వోల్టేజి ఎక్కువ కావాలి. ఆ వోల్టేజిని ఇవ్వవలసినది ఆంప్లిఫైయరు. మనం కొననిది అదే.

ఎట్టి ఆంప్లిఫైయరు? ఇక్కడ దుకాణదారులు వాట్ల అంకెలు చూపి మురిపిస్తారు. మనకు వాట్లు అక్కరలేదు. పది హెడ్‌ఫోన్లకూ 2 వోల్టులు అందించినా మొత్తం 0.16 వాటు మాత్రమే అవుతుంది. చూడవలసినది దాని నిర్గమ అవరోధం. అది 1 ఓము ప్రాంతంలో ఉంటే పదీ తగిలించినా వోల్టేజి కదలదు. అది హెచ్చుగా ఉంటే తరుగుదల ఒక్కటే కాదు, స్వరూపమే మారుతుంది. ఎందుకనగా హెడ్‌ఫోను ఓములు అన్ని పౌనఃపున్యాల వద్దా ఒకటిగా ఉండవు. పైన చెప్పిన హెచ్.డి. 600 పేరుకు 300 ఓములదే గాని, 100 హెర్ట్‌జ్‌ల ప్రాంతంలో 500 దాటుతుంది. అట్టివి పదింటిని మన 75 ఓముల రంధ్రానికి కలిపితే ఆ మంద్రస్వరం సుమారు 3 డెసిబెల్లు ఉబ్బుతుంది. తబలాలో డగ్గా మ్రోగి, గాయకుని అక్షరం వెనుకపడుతుంది. వాల్వు ఆంప్లిఫైయర్ల అభిమానులు మన అధ్యాపకులలో ఒకరిద్దరున్నారు. ట్రాన్స్‌ఫార్మరు లేని వాల్వు యంత్రం 300 ఓముల హెడ్‌ఫోను ఒక్కదానికి చక్కగా కుదురుతుందని ఒప్పుకుంటాను. పదింటిని మోయడం దాని పని కాదు. వారు నన్ను మన్నింతురు గాక.

ఇక చెవి మెత్తల సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించినది ఇదే. మెత్తను సుఖం కోసమే పెట్టారని మన భావన. నిజానికి అది ధ్వనియంత్రంలో భాగం. చెవికీ లోపలి పొరకూ మధ్య ఎంత దూరం ఉండాలో, మధ్యనున్న గాలి ఎంత బిగువుగా ఉండాలో నిర్ణయించేది అదే. మన గదిలో ఉన్నవి మూసిన డొప్పలవి. అట్టివాటిలో మెత్త తలకు ఒత్తుకోక సందు మిగిలితే మంద్రస్వరం ఆ సందులోంచి పోతుంది. మన మెత్తల లోపలి స్పాంజి అప్పడంలా అణగిపోయింది. పైనున్న కృత్రిమ చర్మం ఎండకూ చెమటకూ పెచ్చులూడి, విన్నవారి చెవుల చుట్టూ నల్లని పొట్టు అంటుకుంటున్నది. ఒకరి చెమట ఆరకముందే మరొకరు తగిలించుకుంటున్నారు.

మన విద్యార్థినులలో చాలామంది తలపై గుడ్డ ధరించి ఉంటారు. మందపాటి గుడ్డ అడ్డుపడితే సందు ఏర్పడి మంద్రం పోతుంది, చెవిపై పడిన మడత ఊష్మాల పదునును కొంత తగ్గిస్తుంది. కళ్లద్దాలవారికి ఆ కాడల వద్ద ఇదే కష్టం. ఒక విద్యార్థిని పాఠం సరిగా వినబడడం లేదని చెప్పినప్పుడు "గుడ్డ కొంచెం పక్కకు తీసుకో అమ్మా" అన్న సలహా ఆమెకు ఎదురైందని విన్నాను. ఆమె మరల ఆ గదికి రాలేదు. సవరించుకోవలసినది ఆమె కాదు, మెత్త. లోతైన, మెత్తని స్పాంజి గల మఖమలు మెత్త గుడ్డ మీదా కళ్లద్దాల కాడ మీదా కూడా ఒదిగి కూర్చుంటుంది, చెమటకు పెచ్చులూడదు. వెనుక తెరచి ఉండే రకం హెడ్‌ఫోన్లయితే ఈ సందుల బాధ ఇంకా తక్కువ. కాని పక్కవారి పాఠం మనకు, మన పాఠం పక్కవారికి వినబడుతుంది గనుక పదిమంది కూర్చునే గదికి వాటిని నేను కోరను. మెత్తలు మార్చేటప్పుడు ఆ నమూనాకే తయారైనవి కొనాలి. ఆకారం సరిపోయినదని ఏదో ఒకటి తొడిగిస్తే మందం మారి, దానితో స్వరమూ మారుతుంది.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. గదిలో వినబడక మీరు ఫోనుకు తిరిగిపోయి, బస్సు రొదలో దాని శబ్దాన్ని చివరిదాకా పెంచి పాఠం వింటున్నారు. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్లు హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అక్కడ నుండి ప్రతి 3 డెసిబెల్లకూ ఆ సమయం సగమవుతుంది. 89 డెసిబెల్ల వద్ద వారానికి 5 గంటలే. లోపలి చెవిలో నశించిన రోమకణాలు మరల మొలకెత్తవు. మొదట పోయేవీ హెచ్చు పౌనఃపున్యాలే. ఖాఫ్ కోసం, శకారం కోసం చెవిని సాన పట్టుకోవలసిన వయసులో దాని పదునునే పోగొట్టుకుంటున్నారు.

కమిటీ పెద్దలకు నా విన్నపం చిన్నది. కొత్త హెడ్‌ఫోన్లు వద్దు, ఉన్నవి మంచివి. తక్కువ నిర్గమ అవరోధం గల ఆంప్లిఫైయరు ఒకటి, ప్రతి ఆసనానికి వేరుగా శబ్దం తగ్గించుకొనే మీట ఉన్నది, కొనండి. మెత్తల కోసం బడ్జెటులో ఏటేటా ఒక పద్దు వేయండి, సుద్దముక్కలకు వేసినట్లే. గత నెలలో నా స్వంత ఖర్చుతో ఒక జత మఖమలు మెత్తలు తెప్పించి, కిటికీ పక్కనున్న మూడవ ఆసనం హెడ్‌ఫోనుకు తొడిగి, ఇంటి నుండి తెచ్చిన చిన్న ఆంప్లిఫైయరుకు దానిని కలిపి ఉంచాను. ఎవరైనా వచ్చి వినవచ్చును. మధ్యాహ్నం రెండు గంటల తరువాత ఆ ఆసనం ఖాళీగా దొరకడం ఈమధ్య కష్టంగా ఉన్నది.