స్టెంటు వెలయు, రోగి యొప్పుదలయు

బజారులో వంకాయలు ప్రియమైనచో దోసకాయలు కొనవచ్చును. రెండును ప్రియమైనచో ఆ పూటకు పచ్చడితో సరిపెట్టుకొనవచ్చును. గుండెనొప్పితో బల్లపై పరుండినవాని కీ స్వాతంత్ర్యము లేదు. వెలుపల వేచియున్న భార్యకో కుమారునికో ఒక కాగితము నందించి, "సామాన్యమైనది వేయుదుమా, మేలైనది వేయుదుమా?" యని యడుగుదురు. వారు వణకుచు చేయు ఆ చేవ్రాలునే అర్థశాస్త్రజ్ఞులు "వెల నిచ్చుటకు సమ్మతి" యందురు. న్యాయవాదులమగు మాకు ఈ మాట మింగుడుపడకున్నది. సమ్మతి స్వేచ్ఛగా నిచ్చినదై యుండవలెనని 1872 నాటి ఒప్పందముల చట్టము చెప్పుచున్నది గదా!

మూసికొనిపోవు రక్తనాళమును తెరచియుంచు సన్నని లోహజాలమే స్టెంటు. 2017 ఫిబ్రవరికి ముందు మందుపూత గల స్టెంటునకు లక్షరూపాయలకు మించిన వెల సామాన్యమై యుండెను. ఆ నెల 13వ తేదీన జాతీయ ఔషధధరల నిర్ణయసంస్థ దానిని 29,600 రూపాయలకును, పూతలేని దానిని 7,260 రూపాయలకును మించరాదని కట్టడి చేసెను. ఇందులకు దారితీసిన కారణములలో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమున ఒక న్యాయవాది వేసిన ప్రజాహితవ్యాజ్య మొకటి. మా వృత్తివారిని దూషించువారు దీనినిగూడ లెక్కలో వేసికొందురుగాక. అంకెలు మారుచున్నను ఆ కట్టడి నేటికిని సాగుచున్నది.

అంతటి వెల యెట్లు పుట్టెను? తయారీఖర్చే దానికి హేతువని తలచుట పొరపాటు. సొమ్మిచ్చువాడు రోగి, ఎన్నుకొనువాడు వైద్యుడు, తాను కొన్న వెలకును పెట్టెపై ముద్రించిన వెలకును నడుమనున్న మిగులును గైకొనునది వైద్యశాల. కావున కంపెనీలు పోటీపడినది రోగికి చౌకగ నిచ్చుటకు గాదు, వైద్యశాలకు ఎక్కువ మిగుల్చుటకు. ముద్రించిన వెల యెంత పెద్దదో సరకంత ముద్దు! వైద్యశాలల లాభము కొన్నియెడల నూటికి 654 వరకు నుండెనని ఆ సంస్థయే లెక్క తేల్చినది. పోటీవలన వెల తగ్గునని కళాశాలలో మేము చదివిన పాఠము ఇచ్చట తలక్రిందులైనది.

కట్టడివలన మేలు కలిగినమాట నిజము. కాని కాలువకు అడ్డుకట్ట వేయగా నీరు బోదెలకు మళ్లినట్లు, స్టెంటుపై తగ్గిన సొమ్ము బెలూనుపైనను, గది అద్దెపైనను, శస్త్రచికిత్స రుసుముపైనను మరల వచ్చి చేరినదని ఫిర్యాదులు బయలుదేరెను. 2018 ఫిబ్రవరిలో అదే సంస్థ ఢిల్లీ పరిసరములందలి నాలుగు వైద్యశాలల బిల్లులను పరిశీలించి, మందులు, సూదులు మున్నగువానిపై లాభము నూటికి 1,737 వరకు నుండెనని ప్రకటించినది.

వైద్యశాలలవారి మొఱయు వినదగినదే. యంత్రములును, రేయింబవళ్లు మేలుకొనియుండు దాదులును ఊరక రారు. 2007లో ఆంధ్రప్రదేశమున నారంభమైన ఆరోగ్యశ్రీ, చికిత్స మొత్తమునకు ముందుగనే వెలకట్టి, ఆ సొమ్మును పేదరోగికి మారుగ ప్రభుత్వమే చెల్లించు పద్ధతి తెచ్చినది. బల్లయొద్ద బేరము తప్పినది. అయితే వెలకట్టిన ప్రభుత్వము వేళకు చెల్లింపకపోవుటచే బకాయిలు పేరుకొని, రెండు రాష్ట్రములందును వైద్యశాలలు పలుమారులు సేవలు నిలిపివేసినవి. ఈ దోషము వెలకట్టుటయందు లేదు, ఇచ్చిన మాట తప్పుటయందున్నది.

ఒక్క స్టెంటునకు గాదు, చికిత్స మొత్తమునకు ముందుగ తెలిసిన వెల యుండవలెను. 2010 నాటి వైద్యసంస్థల చట్టముక్రింద కేంద్రప్రభుత్వము 2012లో చేసిన నిబంధనల ప్రకారము, ప్రతి సంస్థయు తన రుసుములను స్థానికభాషలోను ఇంగ్లీషులోను అందరికి గనబడుచోట ప్రదర్శింపవలెను. తెలంగాణము ఆ చట్టమును స్వీకరించినది. ఆంధ్రప్రదేశమునకు 2002 నాటి వేరు చట్టము కలదు. చట్టము పేరేదైనను పట్టిక గోడపై నుండవలెననుట మా పక్షము. పఠనమందిరములందు మమ్ము చదువు మిత్రులు ఈ వారము తమ యూరి వైద్యశాలకు బోయి, తెలుగున వ్రాసిన రుసుముల పట్టిక యున్నదో లేదో చూచి, లేనిచో జిల్లా వైద్యాధికారికి వ్రాతమూలకముగ తెలిపి, నకలు మాకు పంప కోరుచున్నాము. వచ్చినవానిని వచ్చినట్లు ప్రకటింతుము.