నేరం తేలకముందే భృతికి ఉరి

జైల్లో ఉన్నవాడికి సర్కారు సొమ్ము దేనికి? 1980లో అమెరికా జనం నిలదీసిన ప్రశ్న ఇది. న్యూయార్క్‌ను వణికించిన ‘సన్ ఆఫ్ శామ్’ హంతకుడు డేవిడ్ బెర్కోవిట్జ్ కటకటాల వెనక కూర్చుని వికలాంగుల భృతి అందుకుంటున్నాడని బయటపడేసరికి దేశం మండిపడింది. ఆ ఏడాదే చట్టం వచ్చింది. ఘోర నేరం చేస్తూ తెచ్చుకున్న వైకల్యానికి భృతి అడగకూడదనీ అందులోనే తేల్చారు. సబబే. శిక్ష పడ్డవాడి కూడూ గూడూ ప్రభుత్వమే చూస్తున్నప్పుడు పైన భృతి కూడా ఎందుకు?

తప్పంతా శిక్ష పడనివారి విషయంలోనే జరుగుతోంది.

అక్కడ వికలాంగుల భృతి రెండు రకాలు. ఉద్యోగం చేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినవారికి ఎస్‌ఎస్‌డీఐ. అమెరికాలో కొలువు చేస్తున్న తెలుగువారి జీతాల్లోంచీ ఆ పన్ను కింద 6.2 శాతం కోత పడుతుంది. రెండోది ఎస్‌ఎస్‌ఐ, ఒంటరి మనిషైతే లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు, అంటే నిరుపేదల భృతి. మొదటిది ఆగాలంటే నేరం రుజువై, 30 రోజులకు మించి జైల్లో ఉండాలి. అప్పుడు కూడా అర్హులైన భార్యాబిడ్డలకు వచ్చేది ఆగదు. రెండోదానికి రుజువుతో పనే లేదు. నెల పొడవునా లోపలుంటే విచారణ ఖైదీకైనా ఆ నెల డబ్బు రాదు. అలా వరుసగా 12 నెలలు గడిస్తే అర్హతే రద్దవుతుంది. నిర్దోషిగా బయటికొచ్చినా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, వైకల్యాన్ని మళ్లీ నిరూపించుకోవాలి.

విచారణ ఖైదీకీ జైలే తిండి పెడుతోంది కదా అనేవారున్నారు. పెడుతోంది, కాదనం. బయట ఇంటి అద్దె ఎవరు కడతారు? బెయిలు సొమ్ము ఉన్నవాడు ఇల్లు చేరి భృతీ అందుకుంటాడు. లేనివాడు రెండూ పోగొట్టుకుంటాడు. ఇది నేరానికి శిక్ష కాదు, లేమికి శిక్ష.

ఇక కబుర్ల వ్యాపారం చూడండి. భృతి అందుకునే ఫలానావాడు లోపలికొచ్చాడని సోషల్ సెక్యూరిటీ విభాగానికి 30 రోజుల్లో తెలియజేసిన జైలుకు 400 డాలర్ల దాకా, 90 రోజుల్లోపైతే 200 దాకా ముడుతుంది. విడుదలయ్యాడని చెబితే పైసా రాదు!

నేరం తేలకముందే పడే వేటు ఇదొక్కటే కాదు. అరెస్టు వారెంటుంటే భృతి ఆపే నిబంధన 1996లో ఎస్‌ఎస్‌ఐకి, 2005లో ఎస్‌ఎస్‌డీఐకి వర్తించింది. కంప్యూటర్లో పేరు కలిస్తే చాలు, వేటు పడేది. కాలిఫోర్నియాలో ఒక మహిళకు మయామీలో 1980 నాటి వారెంటు అంటగట్టారు. ఆమె ఆ ఊరి ముఖమే చూడలేదు. దావా నడిచింది. 2009 ఒప్పందంతో ప్రభుత్వం ఇలాంటి వారికి 50 కోట్ల డాలర్లకు పైగా తిరిగి చెల్లించాల్సి వచ్చింది.

అమెరికా కాంగ్రెస్ ఇకనైనా కళ్లు తెరవాలి. నేరం రుజువయ్యేదాకా ఎస్‌ఎస్‌ఐ ఆపకూడదు. 12 నెలల రద్దు నిబంధనను ఎత్తివేసి, విడుదలైన నెలలోనే పాత అర్హత మీద భృతి మొదలుపెట్టాలి. రాక కబురుకు ఇచ్చే 400 డాలర్లు విడుదల కబురుకూ ఇవ్వాలి.