అమ్ముడైన ప్రతులే పాఠకుల లెక్కా?

న్యూయార్క్ టైమ్స్ దినపత్రిక 2014లో కొలంబియా విశ్వవిద్యాలయ గణిత అధ్యాపకుడు క్రిస్ విగ్గిన్స్‌ను ప్రధాన డేటా శాస్త్రవేత్తగా నియమించుకుంది. పత్రికలో మెషిన్ లెర్నింగ్ శాస్త్రవేత్త అనగానే యంత్రం చేత వార్తలు వ్రాయించేవాడని తోచవచ్చు. ఆ బృందం చేపట్టిన పనులు వేరు: చందా మానుకోబోయేవారెవరు, ఏ కథనం ఎవరికి చూపాలి, ఏ దుకాణానికి రేపు ఎన్ని ప్రతులు పంపాలి అన్న అంచనాలు.

చివరిదే చిక్కు లెక్క. ఎక్కువ పంపితే మిగిలినవి కట్టలుగా తిరిగి వస్తాయి, ఆ నష్టం చిట్టాకెక్కుతుంది. పది పంపిన చోట పదీ అమ్ముడైతే మాత్రం యంత్రానికి తెలిసేది పదే. పదకొండోవాడు వట్టిచేతులతో మరలిపోయిన సంగతి ఎక్కడా నమోదు కాదు. పాత అమ్మకాలనే నేర్చుకున్న యంత్రం మరునాడూ పది చాలునంటుంది. శాస్త్రవేత్త నేర్పు ఇక్కడే తెలుస్తుంది. ప్రతులన్నీ చెల్లిపోయిన రోజులను అతడు వేరుగా లెక్కించాలి, అప్పుడప్పుడు రెండు అదనంగా పంపి చూడాలి. ఆ రెండింటి ఖర్చుకు యాజమాన్యం ఒప్పుకోవడం వేరే సంగతి.

హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి పరిసరాల పల్లెలకు ఈ లెక్క పరాయిది కాదు. తెలుగు పత్రిక అయిపోయిందని పొరుగు భాష పత్రిక కొని ఇంటికి వెళ్లినవాడు, అమ్మకాల పట్టికలో ఆ భాష పాఠకుడిగానే నిలుస్తాడు.